ఊడిపోయే సోలుకు మన చెమట డబ్బులా? చాలిక!



కొంట, భోపాలపట్నం, గీదం, బచేలి, కిరందుల్, జగదల్‌పూర్... తెల్లారకముందే గ్రౌండులో ఉండే మనవాళ్లందరికీ!

బస్తర్‌లో కరపత్రం చేతికొస్తే ముందు అటూ ఇటూ చూసుకోవడం మనకు అలవాటైపోయింది. భయపడకండి. ఇది బూట్ల గొడవ. నవ్వకండి కూడా! మోకాలు వాచి మంచాన పడ్డవాణ్ని అడగండి, ఇది నవ్వే సంగతో కాదో చెబుతాడు.

మనం ఏం చేస్తున్నాం? పరుగు, బర్పీలు, బాక్స్ జంపులు, తాడెక్కడం, ఇసుక మూట భుజానేసుకుని ఉరకడం. పట్నంలో దీన్నే ఫంక్షనల్ ఫిట్‌నెస్ అంటారు, క్రాస్‌ఫిట్ అంటారు, నెలనెలా ఫీజు కడతారు. మనం మాత్రం 'గ్రౌండుకి పోతున్నా' అంటాం. కానిస్టేబుల్ కోసం, సీఆర్‌పీఎఫ్ కోసం, అగ్నివీర్ కోసం, బస్తర్ ఫైటర్స్ కోసం, బస్తర్ ఒలింపిక్స్‌లో ఒక్కసారైనా ప్రియదర్శిని స్టేడియం దాకా పోవాలని!

మరి కాళ్లకు ఏం వేసుకుంటున్నాం? ఫస్ట్ కాపీ నకిలీలు! పక్కన పెద్ద కంపెనీ గుర్తు, లోపల అట్టముక్క. నెల తిరక్కుండానే వేళ్ల దగ్గర సోలు నోరు తెరుస్తుంది. గమ్ము పెడతాం, ఊడుతుంది. కుట్టిస్తాం, చిరుగుతుంది. చివరికి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి ఉరుకుతాం. సీఆర్‌పీఎఫ్‌లోకి తీసుకునే ఎస్ఎస్‌సీ జీడీ ఫిజికల్‌లో మగపిల్లలకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. మూడో కిలోమీటరులో ఆ ట్యూబు తెగితే? ఏడాది చదువు, ఏడాది చెమట, అన్నీ ఆ ట్యూబు ముక్కతోనే పోయాయి! దుకాణదారు వచ్చి మన బదులు ఉరుకుతాడా?

ఆ బూట్లకు పోసే డబ్బు ఎక్కడిదో ఒకసారి లెక్కేద్దాం. మన రాష్ట్రంలో తునికాకు స్టాండర్డ్ బోరాకు 5,500 రూపాయలు. బోరాకు 1,000 కట్టలు, కట్టకు 50 ఆకులు. అంటే కట్టకు ఐదున్నర! 500 రూపాయల బూటంటే 91 కట్టలు, 4,550 ఆకులు. మే నెల ఎండలో అమ్మ నడుం వంచి కోసినవి! అలాంటి జతలు ఏడాదికి మూడు కొంటున్నాం. 1,500 చెత్తబుట్టలో పోశాం. అదే డబ్బుతో ఒక్క గట్టి జత వచ్చేది కదా?

మరి గట్టి జతను గుర్తుపట్టేదెలా? కంపెనీ పేరు చూడొద్దు. బూటు చేతిలోకి తీసుకోండి. ముందూ వెనకా పట్టుకుని వంచండి. వేళ్ల దగ్గర వంగాలి. సరిగ్గా నడుమ మడతపడితే అక్కడే పెట్టి వచ్చేయండి! మడమ వెనక బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పోయిందంటే రేపు మీ చీలమండ కూడా అలాగే పోతుంది. సోలు అంచున కుట్టుందా, వట్టి గమ్మేనా? తాడెక్కేవాళ్లయితే లోపలి పక్క చూడండి, సోలు రబ్బరు కాస్త పైకి ఎక్కి ఉండాలి. లేకపోతే తాడు రాపిడికి గుడ్డ పదిరోజులు ఆగదు. దూరం పరుగుకు మెత్తని బూటు మంచిదే, కానీ దానితో బరువెత్తితే మడమ ఊగుతుంది. బరువుకు చదునైన గట్టి సోలే కావాలి.

ఇంకో మాట. చిన్నప్పటినుంచి చెప్పుల్లేకుండా తిరిగిన పాదాలు మనవి. వేళ్లు విచ్చుకుని ఉంటాయి. షాపు బూట్లు ముందు ఇరుకు. చిటికెన వేలి గోరు నల్లబడేది అందుకే! సాయంత్రం పూట, పాదం కాస్త పొంగాక, సాక్సు వేసుకునే కొలత చూసుకోండి. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. 'వాడగా వాడగా సాగుతుందిలే' అన్న మాట నమ్మకండి, సాగేది మన నొప్పే. వానలో తడిసిన బూట్లు పొయ్యి పక్కన మాత్రం పెట్టొద్దు! వేడికి గమ్ము వదిలేస్తుంది. పాత పేపరు లోపల కుక్కి నీడలో ఆరేయండి.

బట్టల సంగతి? కాటన్ టీషర్టు చెమట తాగి బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. తొడలు ఒరుసుకుపోయి రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకున్నవాళ్లం మనమే కదా! త్వరగా ఆరే పాలిస్టరు చాలు. ట్రాక్ పాంటు కొనేముందు షాపులోనే గుంజీలు తీయండి. సిగ్గెందుకు? కాళ్ల మధ్య కుట్టు పట్టేస్తే అక్కడే తెలుస్తుంది. గ్రౌండులో పదిమంది ముందు చిరిగితే అప్పుడు సిగ్గు!

చెల్లెళ్ల మాట అసలెవరూ ఎత్తరు. స్కూలు నాటి పాత చుడీదార్, పైన చున్నీ బిగించి ముడి, లోపల ఒకటికి రెండు లోదుస్తులు. అలా అదే జీడీ ఫిజికల్‌లో 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో ఉరకాలి! ఊపిరి ఆడుతుందా? ఒక మంచి స్పోర్ట్స్ బ్రా వాళ్లకు బూటంత అవసరం. అన్నలూ, ఇంట్లో తమ్ముడి బూట్లకు డబ్బులిచ్చే చేత్తోనే అక్కకు దానికీ ఇప్పించండి. అడగలేక మానేసిన ఆడపిల్లలు ప్రతి గ్రౌండులో ఉన్నారు.

ఇక కసరత్తు సామాను కొనడం తగ్గిద్దాం. పాత లారీ టైరు మెకానిక్ షెడ్డులో అడిగితే ఇస్తాడు. దొర్లించు, ఎత్తు, గుంజు, ఏళ్లు గడిచినా దానికేం కాదు. లోపలి ఇనుప తీగ బయటికి పొడుచుకు రాలేదు కదా, అంతే చూసుకోండి. సిమెంటు సంచిలో ఇసుక మాత్రం వద్దు, ఎండకు దారాలు పెళుసై భుజం మీదే పగిలిపోతుంది. కాన్వాసు గుడ్డ రెండు పొరలు కుట్టించండి. పుల్-అప్ రాడ్డు తుప్పు పడితే వెల్డింగు అతుకు దగ్గర చేత్తో తట్టి చూడకుండా వేలాడొద్దు! నారాయణ్‌పూర్ అబూజ్‌మాడ్ మల్లఖంబ్ పిల్లల్ని చూడండి. ఓ కర్ర స్తంభం, ఓ నిక్కరు, కింద పరుపు. 2023లో దేశమంతా చూసే 'ఇండియాస్ గాట్ టాలెంట్' గెలుచుకొచ్చారు. కంపెనీ గుర్తున్న టీషర్టు వేసుకునా గెలిచారు?

ఇక అడగాల్సినవి గట్టిగా అడుగుదాం. బిల్లు! బిల్లు లేకుండా ఒక్క జత కూడా కొనొద్దు. డబ్బా మీద ఎంఆర్‌పీ ఉండాలి, ఆటల బూట్లకు ఐఎస్ 15844 అని ప్రమాణం ఉంది, ఐఎస్‌ఐ గుర్తు వెతకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 లోపు బూట్ల మీద జీఎస్టీ 5 శాతమే. 'టాక్స్ పెరిగింది భయ్యా' అంటే బిల్లు చూపించమనండి. మోసం జరిగితే 1915కు ఫోన్ కొట్టండి, వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మన పక్షానే ఉంది.

గ్రామసభను కూడా వదలొద్దు. బైలాడిల కొండల్లో 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. మన కొండ ఇనుము రైలెక్కి, విశాఖలో ఓడెక్కి, జపాన్ దాకా పోయింది. మన గ్రౌండులో వేలాడడానికి ఒక గట్టి ఇనుప రాడ్డు లేదు! గనుల జిల్లాల జనం కోసమే 2015లో జిల్లా ఖనిజ నిధి పెట్టారు. రాడ్డు, తాడు, పరుపు, పిల్లలకు బూట్లు ఆ నిధి నుంచి కావాలని తీర్మానం రాయిద్దాం. సర్పంచి 'చూద్దాం' అంటే తేదీ అడుగుదాం.

వచ్చే ఆదివారం పరుగు అయ్యాక ఎవరూ ఇంటికి పోవద్దు. గ్రౌండులోనే కూర్చుందాం. పదిమంది కలిసి ఒకే షాపులో కొంటే ధర తగ్గించక తప్పదు, పేర్లు అక్కడే రాసుకుందాం. ఊడిపోయిన పాత జతలు పారేయకండి, సంచిలో వేసుకుని రండి. బిల్లు ఇవ్వనన్న షాపు ముందు అన్నీ వరుసగా పేరుద్దాం!