దేశాంతర చరిత్రలు: టటంక ఇయొటకె

ఉత్తర అమెరికా నడుమనున్న పచ్చిక మైదానములందు లకోటా యను జాతివారు కలరు. ఆ జాతిలో హంక్‌పాపా శాఖయందు 1831 ప్రాంతమున జన్మించిన నాయకుడు టటంక ఇయొటకె. తెల్లవారు ఆయనను సిట్టింగ్ బుల్ అనిరి. కూర్చున్న యెద్దు! మనకు నవ్వు వచ్చు పేరే. కాని యది బండికి గట్టు నెద్దు కాదు. జూలును మూపురమును గల బైసను అను మహామృగము. అది చతికిలబడెనా, కదలింప నెవరి తరమును కాదు. పదునాలుగవ యేట పోరున ధైర్యము చూపిన ఈ కుమారునకు తండ్రి తన పేరునే యిచ్చి, తాను వేరొక పేరు దాల్చెను.

ఆ మృగమే లకోటాలకు అన్నపూర్ణ. దాని మాంసము భోజనము, నరము దారము, ఎముక పనిముట్టు. పది పదునైదు తోళ్లను కుట్టి డేరా చేయువారు స్త్రీలు. ఆ డేరా స్త్రీల సొత్తే. మనలో స్త్రీధనమనగా నగలు తలపునకు వచ్చును. వారికి ఇల్లే స్త్రీధనము.

1868లో ఫోర్టు లారమీ యొద్ద అమెరికా ప్రభుత్వము సంధి చేసి, నల్లకొండలతోగూడిన విశాల ప్రదేశమును లకోటాలకు విడిచెను. ఆ హద్దులకు రిజర్వేషనని పేరు. అందు స్థిరపడువారికి తిండియు బట్టయు నిత్తుమనిరి. టటంక ఇయొటకె సంధిపై చేవ్రాలు చేయలేదు. ఆ తిండికిని పోలేదు. 1874లో నల్లకొండలందు బంగారము కనబడెను. అంతట, 1876 జనవరి 31లోపల ఎల్లరును హద్దులలోనికి రావలెనని ఆజ్ఞ పుట్టెను. ఆయన రాలేదు. ఆ యేడు జూను 25న లిటిల్ బిగ్‌హార్ను నదియొద్ద కస్టరు అను సేనానియు, రెండువందల యేబదికి పైగా సైనికులును హతులైరి. చరిత్రకారు లందరును ఈ యుద్ధమునే వర్ణింతురు గాని, నాకు దాని తరువాతి కథయే ముఖ్యమని తోచును.

రెండు నెలలైన గాకమునుపే ప్రభుత్వము శాసనము చేసెను: కొండల నిచ్చినగాని రిజర్వేషనువారికి తిండి లేదు. బిడ్డల యాకలిని చూపి తండ్రులచేత చేవ్రాలు చేయించుట! ఫిరంగికంటె నిది క్రూరము కాదా? భూమి నిచ్చుటకు పురుషులలో ముప్పాతికమంది యొప్పవలెనని సంధిలో నుండెను. పదింట నొకపాలు మాత్రమే యొప్పిరి. అయినను 1877లో కొండలను లాగికొనిరి.

ఆ వసంతముననే టటంక ఇయొటకె తనవారితో కెనడాకు దాటెను. నాలుగేండ్లు గడచెను. తోళ్లకై వేటగాండ్రు చంపగా బైసనుమందలు మాయమయ్యెను. కెనడా ప్రభుత్వము భూమియు నీయలేదు, తిండియు నీయలేదు. పొయ్యి వెలుగని డేరాలనుండి ఒక్కొక్క కుటుంబమే జారిపోవుచుండెను. యుద్ధమున లొంగని యా ధీరుడు పసివాండ్ర యాకలికి లొంగి, 1881 జూలైలో ఫోర్టు బ్యూఫర్డు చేరెను. వెంట రెండువందలమందియు లేరు. తన తుపాకిని స్వహస్తముతో నీయక, క్రో ఫుట్ అను పసికుమారునిచేత ఇప్పించెను.

రెండేండ్లు బందీగా నుంచి, 1883లో స్టాండింగ్ రాక్ రిజర్వేషనునకు పంపిరి. 1885లో బఫెలో బిల్ అనువాని ప్రదర్శనలో, వారమునకు ఏబది డాలర్లకు, నాలుగు నెలలు పట్టణములు తిరిగెను. ఆ సొమ్ములో చాలవరకు వీధులలోని బీదబాలురకు పంచెనని, ఆయన కూతురుగా నెంచిన ఆనీ ఓక్లీ యను తుపాకి నేర్పరి చెప్పియున్నది. 1889లో రిజర్వేషనును ముక్కలు చేసి మిగులుభూమిని తెల్లవారి కిచ్చునప్పుడు, ఆయన గట్టిగా నెదిర్చెను, ఫలింపలేదు. చేవ్రాళ్లు ముగిసిన కొలదికాలమునకే మాంసపు రేషను తగ్గించిరి!

1890 డిసెంబరు 15 వేకువను, ఆయనను బంధింప ప్రభుత్వము పంపిన పోలీసులు తనజాతివారే. గుడిసె ముంగిట జరిగిన పెనుగులాటలో ఆయన గుండు తగిలి కూలెను. నాడు తుపాకి నందించిన క్రో ఫుట్ సయితము అచ్చటనే హతుడయ్యెను.

నల్లకొండల వ్యాజ్యము మాత్రము నిలిచెను. 1980లో అమెరికా సుప్రీముకోర్టు ఆ యాక్రమణకు పదికోట్ల డాలర్లకు పైబడిన పరిహారము నీయవలెనని తీర్పు చెప్పెను. లకోటాలు ఆ ధనమును ముట్టలేదు. కొండలనే యిమ్మని యడుగుచున్నారు.