ఫైలు లేని మాస్టారు

సెప్టెంబరు 5 వచ్చిందంటే ఉత్తమ ఉపాధ్యాయులకు సన్మానం. మండలంలో ఒకటి, జిల్లాలో ఒకటి, రాష్ట్రంలో ఒకటి. శాలువా, జ్ఞాపిక, ప్రశంసాపత్రం. మర్నాడు పేపరు జిల్లా పేజీ నిండా ఆ ఫొటోలే. సన్మానం అందుకున్నవాళ్లలో మంచి మాస్టార్లు లేరని నేను అనను. ఉన్నారు. నేను అడిగేది వేరు. ఈయన మంచి మాస్టారని ఎవరు చెప్పారు?

ఆయనే చెప్పుకున్నాడు. చెప్పుకోక తప్పదు. పద్ధతే అట్లా ఉంది.

జాతీయ ఉపాధ్యాయ అవార్డులు 1958లో మొదలయ్యాయి. 2018లో కేంద్రం పద్ధతి మార్చి, ఉపాధ్యాయులే నేరుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చంది. సిఫార్సుల బెడద తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ దరఖాస్తుకి పత్రాలు, నివేదికలు, ఫొటోలు, వీడియోలు జతచెయ్యాలి. జిల్లా కమిటీలో డీఈవో, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి, కలెక్టరు ఎంపిక చేసిన విద్యావేత్త కూర్చుంటారు. అక్కడ నెగ్గిన పేర్లు రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఢిల్లీకి. ఇన్ని మెట్లలో పిల్లవాడి తల్లి కూర్చునే పీట ఒక్కటీ లేదు.

నాకు బడి చూపించిన మాస్టారి సంగతి చెప్పాలి. పామర్రు దగ్గర కాలువ గట్టు మీద మా యానాదుల గుడిసెలు. చేలల్లో ఎలుకబుట్టలు పెట్టే కాలం వస్తే ఇల్లూ వాకిలీ నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేవాళ్లం. ఆ తర్వాత చేపల చెరువుల కాపలా. హాజరుపట్టీలో నా పేరెదుట వరసగా సున్నాలు. ఒకరోజు మాస్టారు సైకిలేసుకుని గుడివాడ వైపు ఊళ్లన్నీ అడుక్కుంటూ మేమున్న చెరువుగట్టు దాకా వచ్చారు. "ఏరా, పుస్తకాలు ఎలుకలు కొట్టేశాయా?" అన్నారు నవ్వుతూ. మా నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "మేం పోతే వీడికి కూడెవరు పెడతారయ్యా?" అన్నాడు. "మా వసారాలో పడుకుంటాడు, మా పిల్లలతో తింటాడు. నువ్వెళ్లిరా" అన్నారాయన.

అట్లా నేను మిగిలాను. చంటివాణ్ణి ఎత్తుకోడానికి మా చెల్లి అక్కడే ఉండిపోయింది. దానికి ఇప్పటికీ సంతకం రాదు. ఒక్క మాస్టారు ఒక్క పిల్లవాణ్ణి వసారాలో పెట్టుకోగలడు, ఊరందరినీ పెట్టుకోలేడు. వలస కాలంలో పిల్లలుండే హాస్టలు సర్కారు పని. మంచి మాస్టారికి శాలువా కప్పి ఆ పని మర్చిపోవడం కుదరదు.

ఆ మాస్టారు ఏ అవార్డూ లేకుండానే రిటైరయ్యారు. ఫైల్లో ఏం పెడతారు? చెరువుగట్టు మీద ఫొటో తీసినవాళ్లెవరు? బడిలో నూటికి నూరు శాతం హాజరు చూపించాలంటే దారి సులువే, తిరిగే పిల్లల పేర్లు కొట్టేస్తే చాలు. మా పేర్లు కొట్టెయ్యని మాస్టారి బడి లెక్కల్లో వెనకబడుతుంది. పేర్లు కొట్టేసిన బడి ముందుంటుంది. ఇదీ మన కొలబద్ద.

మరో సంగతి. జాతీయ అవార్డుకి కాంట్రాక్టు ఉపాధ్యాయులు అర్హులు కారు. గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్‌టీలంటే ఎవరు? కాంట్రాక్టు వాళ్లే. మా పిల్లలకి చదువు చెప్పేవాళ్లని రెగ్యులర్ చెయ్యరు, రెగ్యులర్ కాలేదని గుర్తించరు. కొండ మీద ఏళ్ల తరబడి పనిచేసినా ఆ ఫారం వాళ్లకి తెరుచుకోదు.

"మేమేం చెయ్యం, యాప్‌లతోనే సరిపోతోంది" అంటారు మాస్టార్లు. నిజమే. మరుగుదొడ్ల ఫొటోలు కూడా వాళ్లచేతే తీయించారు. నా కోపం వాళ్ల మీద కాదు. ఫొటో ఉంటేనే పని జరిగినట్టు లెక్కగట్టే బుద్ధి మీద. మరుగుదొడ్డికి ఫొటో అడిగిన బుద్ధే మంచితనానికీ ఫొటో అడుగుతోంది.

ఉపాధ్యాయ దినోత్సవానికి సరిగ్గా వారం ముందు, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. గిడుగు రామమూర్తి పుట్టినరోజది. ఆయన వాడుకభాష పోరాటం అందరూ చెబుతారు. పర్లాకిమిడిలో ఆయన సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టిన సంగతి తక్కువమంది చెబుతారు. ఆ పుస్తకాలకి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి మంచి బడి పెట్టండి, మేమే నడుపుతాం అన్నాడాయన. బహుమతి బదులు బడి అడిగాడు. ఇవాళ మనం బడి బదులు బహుమతి ఇస్తున్నాం.

అవార్డులు ఎత్తెయ్యమని నేననను. తిరగెయ్యమంటాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి దామాషా ప్రకారం చోటుండాలి. చట్టంలో ఉన్న ఆ కమిటీనే పేరు చెప్పమనండి. దరఖాస్తు మాస్టారు పెట్టుకోకూడదు, మా అమ్మలు చెప్పాలి. రాయలేకపోతే నోటితో చెబుతారు, అధికారి రాసుకోవాలి. ఆ బడి పరిధిలో బడి బయట ఎంతమంది పిల్లలున్నారో, వాళ్లలో ఎంతమందిని ఆ మాస్టారు తెచ్చి నిలబెట్టారో ముందు లెక్క చూడాలి. ఆశ్రమ పాఠశాలల కాంట్రాక్టు ఉపాధ్యాయులకీ చోటివ్వాలి.

సన్మానం కూడా బందరు హాల్లో వద్దు. కృత్తివెన్నులోనో, నాగాయలంకలోనో, మా పామర్రు కాలువ గట్టు మీదో పెట్టండి. కుర్చీలు లేకపోతే చాపలు మేమే పరుస్తాం. కలెక్టరు గారు వస్తే, ఆ రోజు బడికి రాని పిల్లలు ఎంతమందో కూడా అక్కడే కనబడతారు.