అట్లాంటిక్ లీగులో పసిఫిక్ జట్టు

2024 డిసెంబరు 9న నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీ పట్టణంలో అమెరికా కాలేజీ మహిళల సాకర్ ఫైనల్ జరిగింది. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా (యూఎన్‌సీ) జట్టు 1-0తో వేక్ ఫారెస్ట్‌ను ఓడించి 22వ ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచింది. సెమీస్‌లో ఓడినవి డ్యూక్, స్టాన్‌ఫోర్డ్. ఈ నాలుగు జట్లూ ఒకే కాన్ఫరెన్స్‌వి, అంటే ఒకే లీగువి: అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, క్లుప్తంగా ఏసీసీ. దేశం నలుమూలల నుంచి 64 జట్లు దిగిన నాకౌట్‌లో చివరికి ఒక్క లీగే మిగలడం ఆషామాషీ ఘనత కాదు. అయితే స్టాన్‌ఫోర్డ్ ఉన్నది కాలిఫోర్నియాలో. అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న లీగులోకి పసిఫిక్ తీరం జట్టు ఎందుకు వచ్చిందో తెలియాలంటే సాకర్ మైదానం దాటి చూడాలి.

కేరీ తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఊరే. పక్కనున్న రీసెర్చ్ ట్రయాంగిల్‌లో ఉద్యోగాలకు వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, శ్రీ వేంకటేశ్వరుడి గుడీ ఉంది. అమెరికా కాలేజీ మహిళల సాకర్‌కు ఈ ప్రాంతం పెట్టనికోట అంటే అతిశయోక్తి కాదు. చాపెల్ హిల్‌లో యూఎన్‌సీ, అక్కడికి పదహారు కిలోమీటర్ల దూరంలో డరమ్‌లో డ్యూక్, ఇంకాస్త పక్కన రాలీలో నార్త్ కరోలినా స్టేట్. ఈ ప్రత్యర్థులంతా ఇరుగుపొరుగే. మ్యాచ్ ముగించుకుని రాత్రికి బస్సులో హాస్టల్ చేరుకోవచ్చు, మర్నాడు పొద్దున క్లాసుకు వెళ్లొచ్చు.

యూఎన్‌సీ మహిళల జట్టు 1979లో మొదలైంది. అప్పటి నుంచి 2024 ఆగస్టు దాకా కోచ్ ఒక్కరే, యాన్సన్ డొరాన్స్. ఆయన పద్ధతిని దగ్గరగా చూడాలి. అదే యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ ప్రాక్టీసు నడిపే తీరు గమనించి, దాన్ని సాకర్‌కు పట్టుకొచ్చారు. ఒకరితో ఒకరు తలపడే డ్రిల్ అయినా, పరుగు అయినా, షూటింగ్ అయినా ప్రతిదానికీ గెలుపోటములు రాసిపెట్టేవారు. ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో అందరికీ కనిపించేలా జాబితా అంటించేవారు. అమ్మాయిలు సర్దుకుపోవాలి, స్నేహితురాలిని ఓడించకూడదు అని నూరిపోసే సమాజంలో, గెలవాలనే కోరికను దాచుకోనక్కర్లేదని ఆ జాబితా చెప్పింది. 1986 నుంచి 1994 దాకా వరుసగా తొమ్మిది టైటిళ్లు వచ్చాయి. 1991లో చైనాలో జరిగిన తొలి మహిళల ప్రపంచ కప్ గెలిచిన అమెరికా జట్టుకు కోచ్ కూడా డొరాన్సే. ఆ జట్టులోని మియా హామ్ ఆయన శిష్యురాలు.

దీని వెనుక చట్టమూ ఉంది. 1972లో వచ్చిన టైటిల్ నైన్, ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించింది. అమెరికన్ ఫుట్‌బాల్‌కు పెద్ద యూనివర్సిటీలు 85 దాకా స్కాలర్‌షిప్‌లు ఇచ్చేవి, అవన్నీ మగపిల్లలకే. ఆ తూకం సరిచేయడానికి ఎక్కువ మంది అమ్మాయిలు ఆడే ఆటలు కావాల్సి వచ్చాయి, సాకర్ అందుకు చక్కగా సరిపోయింది. ఒకరకంగా, మహిళల సాకర్‌ను పెంచిన కారణాల్లో ఫుట్‌బాల్ ఒకటి. ఇప్పుడు దాన్ని ఊరూవాడా తిప్పుతున్నదీ ఆ ఫుట్‌బాలే.

ఫుట్‌బాల్ టీవీ ఒప్పందాల వేటలో 2023లో పసిఫిక్ తీరపు పాక్-12 కాన్ఫరెన్స్ కుప్పకూలింది. దిక్కుతోచని స్టాన్‌ఫోర్డ్, బర్క్‌లీ ఏసీసీ తలుపు తట్టాయి. టీవీ ఆదాయంలో ఏళ్ల తరబడి తక్కువ వాటాకే ఒప్పుకుని 2024లో చేరాయి. వాటితో పాటే చేరిన టెక్సస్ యూనివర్సిటీ ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్ల పాటు ఆ వాటానే వదులుకుంది. ఈ బేరాల్లో సాకర్ ఆడే అమ్మాయిల ఊసు ఎక్కడా లేదు. భారం మాత్రం వాళ్ల మీదే పడింది. ఫుట్‌బాల్ జట్టు సాధారణంగా వారానికి ఒక్కసారే ఆడుతుంది. సాకర్ సీజన్‌ను ఆగస్టు నుంచి డిసెంబరు మొదటికి కుదించారు కాబట్టి వారంలో రెండేసి మ్యాచ్‌లు తప్పవు. స్టాన్‌ఫోర్డ్ నుంచి బోస్టన్‌కు నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే, గడియారంలో మూడు గంటల తేడా. పరీక్షలు, ల్యాబులు ఉన్న పిల్లల వారాలు ఇలా విమానాల్లో గడవడం అన్యాయం.

పోటీ పెరిగిందిగా అని సమర్థించేవాళ్లున్నారు. పెరిగింది, నిజమే. కానీ 2024లో సాకర్ ఆడే పదిహేడు ఏసీసీ జట్లలో ఒక్కోటీ లీగులో ఆడింది పది మ్యాచ్‌లే. అంటే ఆరు జట్ల ముఖం చూడకుండానే పట్టిక తేలింది. లీగ్ టోర్నీకి అర్హత దక్కింది ఆరు జట్లకే. ఇంత పెద్ద లీగులో పట్టిక బలాన్ని ఎంత చెబుతుందో, షెడ్యూలు అదృష్టాన్నీ అంతే చెబుతుంది. స్టాన్‌ఫోర్డ్‌తో తలపడాలంటే లీగ్ మొదలుకాకముందు ఆగస్టులో ఆడుకోవచ్చు. దానికి కాన్ఫరెన్స్ కలవనక్కర్లేదు.

పరిష్కారం ఉంది, కొత్తదీ కాదు. ఫుట్‌బాల్‌ను విడిగా నడపనిచ్చి మిగతా ఆటలను ప్రాంతీయ లీగుల్లోనే ఉంచాలని 2023లో అప్పటి యూసీఎల్‌ఏ ఫుట్‌బాల్ కోచ్ చిప్ కెల్లీయే అన్నారు. పసిఫిక్ తీరంలో వాటర్ పోలో, పురుషుల వాలీబాల్ వంటి ఆటలకు మౌంటెన్ పసిఫిక్ స్పోర్ట్స్ ఫెడరేషన్ 1992 నుంచీ ఉంది. సాకర్‌కు అలాంటిది కుదరదనడానికి కారణం కనిపించదు.

అవసరం కూడా ముంచుకొస్తోంది. 2024లో మహిళల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్, కాలేజీ క్రీడాకారిణులను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌ను ఎత్తేసింది. టీనేజీలోనే క్లబ్బులతో సంతకాలు చేసే అమ్మాయిలు పెరుగుతున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలు ఏటా రెండు కోట్ల డాలర్లకు పైనే క్రీడాకారులకు నేరుగా చెల్లించవచ్చు. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కు, పురుషుల బాస్కెట్‌బాల్‌కే వెళ్తుంది. ఇక కాలేజీ సాకర్ అమ్మాయికి ఇవ్వగలిగింది చదువూ, చేరువలో గట్టి పోటీయే. ఆ రెంటినీ దెబ్బతీస్తే ఆమె కాలేజీకి ఎందుకు రావాలి?

ఏసీసీపై దాని సభ్యులైన ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ వేసిన దావాలు 2025 మార్చిలో రాజీ అయ్యాక, ఏసీసీ వదిలి వెళ్లేందుకు కట్టాల్సిన రుసుము ఏటేటా తగ్గుతూ వస్తుంది. అంటే ఈ దశాబ్దం చివరికి మళ్లీ బేరాలు మొదలవుతాయి. ఈసారి ఆ బల్ల దగ్గర మహిళల సాకర్ కోచ్‌లకూ, ఆడే అమ్మాయిల ప్రతినిధులకూ కుర్చీలు వేయాలి. ఆ మాట ఇప్పుడే అడగాలి, ఒప్పందాలు రాసుకున్నాక కాదు.