పాత తుపాకీకి రసీదు ఉండాలి

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులు ఉన్నవారు వాటిని ఠాణాలో అప్పగించి రావడం మామూలే. వారి సంగతి సరే. లైసెన్సుదారు ఏనాడో కాలం చేసి, కాగితాలు చెదలు తినేసి, పాత ఇంటి భోషాణం అడుగున మిగిలిపోయిన ఆయుధాల సంగతి ఏమిటి? తాతల నాటి రివాల్వరు అటక మీద బయటపడితే ఇంటిల్లిపాదికీ ముందు కలిగేది సంతోషం కాదు, భయం. పోలీసులకు తెలిస్తే కేసు పెడతారేమోనని ఒకరు దాన్ని బావిలో పడేస్తారు. ఇంకొకరు కొలిమిలో కరిగించేస్తారు. వేరొకరు నాలుగు డబ్బులకు ఆశపడి గుట్టుగా అమ్మేస్తారు. మొదటి రెండు పనుల వల్ల చరిత్ర పోతుంది. మూడో పని వల్ల ప్రాణాలే పోవచ్చు.

పాత ఇనుప ముక్కకు చరిత్ర ఏమిటని కొందరు నవ్వవచ్చు. ఒక్క ఉదాహరణ చూద్దాం. తెల్లవారి సైన్యంలో మన దేశంలో పనిచేసిన జార్జి విన్సెంట్ ఫాస్బరీ అనే అధికారి ఉండేవాడు. వాయవ్య సరిహద్దులోని అంబేలా పోరులో 1863 అక్టోబరు 30న చూపిన సాహసానికి విక్టోరియా క్రాస్ పొందాడు. ఉద్యోగం నుంచి విరమించాక 1895లో ఒక కొత్త తరహా రివాల్వరుకు పేటెంటు తీసుకున్నాడు. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ 1901 నుంచి దాన్ని తయారు చేసింది. అదే వెబ్లీ-ఫాస్బరీ ఆటోమేటిక్ రివాల్వరు.

మామూలు రివాల్వరులో వేలితో మీట నొక్కే బలంతోనో, సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగే బలంతోనో తూటాల చక్రం తిరుగుతుంది. ఇందులో అలా కాదు. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఊపుకే గొట్టమూ, చక్రమూ కలిసి పిడి మీద వెనక్కి జారతాయి. చక్రం చుట్టూ వంకరటింకరగా చెక్కిన గాడిలో ఒక చిన్న మేకు నడుస్తుంది. వెనక్కి పోయేటప్పుడు సగం, స్ప్రింగు ముందుకు నెట్టేటప్పుడు మిగతా సగం చక్రం తిరిగి తరువాతి తూటా సిద్ధమవుతుంది. ఆలోచన గొప్పదే. అయితే చేతిలో గట్టిగా పట్టుకోకపోతే పని చేయదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురద ఆ గాడుల్లో చేరి మొరాయించింది. సైన్యం దాన్ని అధికారికంగా స్వీకరించలేదు. కొందరు అధికారులు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. మొత్తం తయారైనవి ఐదు వేలకు మించలేదు. అందుకే ఈనాడు ప్రపంచంలోని సేకర్తలు దాని కోసం వెతుకులాడుతున్నారు.

అటువంటిది దొరికితే సరిపోదు, అది ఏమిటో తేల్చుకోవాలి. నిజమైన సేకర్త ముందు చూసేది మెరుపు కాదు, ముద్రలు. తయారీదారు పేరు, కంపెనీ నంబరు, ప్రూఫ్ హౌస్ పరీక్ష ముద్ర, సర్కారు సరుకైతే బాణం గుర్తు, అమ్మిన దుకాణం పేరు, ఈ ఐదూ ఆ ఆయుధానికి జాతకం వంటివి. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి తుపాకులను పరీక్షించి ముద్ర వేస్తోంది. ఆర్మీ అండ్ నేవీ వంటి దుకాణాలు తాము అమ్మిన రివాల్వర్ల మీద తమ పేరు చెక్కించేవి. ఆ దుకాణానికి బొంబాయిలోనూ, కలకత్తాలోనూ కొట్లు ఉండేవి. పేరు, నంబరు, ముద్ర ఒకదానితో ఒకటి పొసగాలి. అక్షరం తప్పుగా చెక్కి ఉంటే అది సరిహద్దు కొండల్లోని దర్రా ఆదంఖేల్ వంటి చోట్ల చేసిన నకలు కావచ్చు. వెబ్లీలకు అక్కడ నకళ్లు కోకొల్లలుగా తయారయ్యాయి. గరుకు కాగితంతో రుద్ది తుప్పు వదిలించాలని చూస్తే ముద్రలు చెరిగిపోతాయి. ముద్ర పోతే ఇక మిగిలేది ఇనుమే.

నంబరు విలువ ఎంతటిదో మన దేశంలోనే రుజువైంది. లాహోరులో 1928 డిసెంబరు 17న సాండర్స్‌ను కాల్చిన భగత్ సింగ్ పిస్టలు ఎక్కడ ఉందో దశాబ్దాల పాటు జనానికి తెలియదు. అది .32 బోరు కోల్ట్ పిస్టలు, నంబరు 168896. పంజాబులోని ఫిల్లౌర్ పోలీసు శిక్షణ కేంద్రం నుంచి 1969లో మరికొన్ని ఆయుధాలతో పాటు ఇందోరులోని సరిహద్దు భద్రతా దళం ఆయుధ పాఠశాలకు అది చేరింది. అక్కడ మ్యూజియంలో నల్ల రంగు పూసుకుని అన్నిటిలో ఒకటిగా పడి ఉంది. ఒక పత్రికా విలేఖరి పాత కాగితాలు పట్టుకుని ఆరా తీయగా, 2016లో రంగు గీకి చూస్తే కోర్టు రికార్డులోని నంబరే కనిపించింది. తరువాత దాన్ని పంజాబులోని హుస్సేనీవాలాకు తరలించారు. ఆ నంబరు ఏ కాగితం మీదా లేకపోయి ఉంటే, లేదా ఎవరో పాత సరుకు అని కరిగించి ఉంటే, ఆ పిస్టలు మనకు దక్కేదా?

ఇక చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను పాతకాలపు, పురాతన విలువ గల, లేదా చెడిపోయిన ఆయుధానికి కొంత మినహాయింపు ఇస్తోంది. కాని మరమ్మతు చేసినా సరే తుపాకీగా పనికిరాని స్థితిలో అది ఉండాలి. బాగు చేస్తే పేలేదైతే మినహాయింపు లేదు. పైగా .455, .380 బోరు సర్వీసు తూటాలు పట్టే రివాల్వర్లు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. వెబ్లీలలో చాలా భాగం ఆ కోవలోవే. 2019లో వచ్చిన సవరణ ఒక మనిషికి ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోనే. మరోవైపు 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అంటే 1910 నాటి రివాల్వరు ఒక చట్టానికి నిషిద్ధ ఆయుధం, ఇంకో చట్టానికి జాతి సంపద. ఈ రెంటి నడుమ సామాన్యుడు ఏం చేయాలో చెప్పేవారు లేరు.

ఆయుధాలను ఇళ్లలో ఉంచుకోనివ్వమని ఎవరూ కోరడం లేదు. కక్షలు, కార్పణ్యాలు ఉన్న పల్లెల్లో తుపాకీ ఎంత అనర్థమో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. మాట అల్లా ఒక్కటే. ఇంటివారు భయపడకుండా అప్పగించే దారి ఉండాలి, అప్పగించినదాని ఆనవాలు చెరిగిపోకూడదు. ఇది చరిత్ర కోసమే కాదు, శాంతిభద్రతల కోసం కూడా. నంబరు రాసి ఉన్న ఆయుధం మాలుఖానా నుంచి మాయం కావడం కష్టం. నంబరు లేనిదానికి కాళ్లు వస్తాయి.

అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద దాడి చేసినప్పుడు, తీసుకువెళ్తున్న ఆయుధాల వివరాలు అక్కడి పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. సర్కారు మీద తిరగబడినవాడు సర్కారుకు రసీదు ఇచ్చాడు. ఈనాడు చట్టానికి తలవంచి ఆయుధం తెచ్చి ఇచ్చే పౌరునికి సర్కారు కూడా అంతటి వివరమైన రసీదు ఇవ్వాలి కదా.

కాబట్టి ప్రభుత్వం కొన్ని పనులు చేయాలి. వారసత్వపు ఆయుధాలను కేసు భయం లేకుండా అప్పగించేందుకు కొంత గడువు ప్రకటించి, గ్రామాల్లో టముకు వేయించాలి. తీసుకున్న ప్రతి ఆయుధానికీ తయారీదారు పేరు, నంబరు, ముద్రలు, ఫోటోతో కూడిన రసీదు ఇవ్వాలి. ధ్వంసం చేసే ముందు జాబితాను పురావస్తు శాఖకు పంపి, నిపుణుల చేత చూపించాలి. అరుదైనవాటిని పేలకుండా చేసి జిల్లా మ్యూజియంలో ఉంచాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ముందు పిల్లలు ఎంత సేపు నిలబడతారో చూసినవారికి దీని అవసరం వేరే చెప్పక్కరలేదు. ఇచ్చిన కుటుంబం పేరు, వారికి ఇష్టమైతే, పక్కన రాసి పెట్టడం కనీస మర్యాద.

ప్రజలు కూడా కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పాత రివాల్వరు కనిపిస్తే అందులో తూటా ఉన్నట్టే భావించాలి. మీట నొక్కి చూడడం, పిల్లల చేతికి ఇవ్వడం, ఊళ్లో మెకానిక్కు దగ్గరికి పట్టుకుపోవడం పనికిరావు. ఇల్లు కదల్చకుండా ఠాణాకు కబురు చేసి, పెద్దమనుషుల ఎదుట అప్పగించి రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలి. తాతగారి పాత లైసెన్సు, ఉత్తరం, బిల్లు ముక్క, ఫోటో ఏది దొరికినా పారేయకూడదు. ఆయుధం ఠాణాకు పోయినా కాగితం ఇంట్లో ఉండవచ్చు. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు. రేపు ఎవరైనా చరిత్ర రాయబూనితే ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది.

కరిగిపోయిన ఇనుము మళ్లీ నంబరు చెప్పదు. జిల్లా అధికారులు ఈ విషయంపై వెంటనే శ్రద్ధ వహించడం అవసరం.