అబ్షాలోము వెంట వెళ్ళిన రెండు వందల మంది



ఈ వారం ఇరవై మూడవ కీర్తన మీద రాస్తానని చెప్పాను. అది పక్కన పెట్టాను, క్షమించండి. మొన్న మంగళవారం మన సంఘానికి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింటి పైనా ఒకే కన్వెన్షన్ పేరు, ఒకే ముద్ర, ఒకే రిజిస్ట్రేషన్ నంబరు. కింద సంతకాలు మాత్రం వేరు. ఇద్దరూ తామే అధ్యక్షులమంటున్నారు. ఒకరి మహాసభ ఒక శనివారం, మరొకరిది ఆ పై శనివారం. ఇద్దరికీ మన సంఘం నుంచి ముగ్గురేసి ప్రతినిధులు కావాలట. ఒక ఉత్తరం చివర పెన్నుతో ఇంకో మాట కూడా రాసి ఉంది: వాహనం పంపుతాము.

ఆ మాట చూశాక నాకు రెండు రాత్రులు సరిగా నిద్ర లేదు. ఎందుకంటే చాలా ఏళ్ళ కిందట ఒకసారి ఆ వాహనం నేనూ ఎక్కాను.

మీలో కొందరికి ఈ సంగతి తెలుసు, చాలామందికి తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి బల్మూర్‌కు తుఫాన్ బండి వచ్చింది. అచ్చంపేటలో ఇంకో ఇద్దరు పాస్టర్లు ఎక్కారు. దారిలో టిఫిన్, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం చేతికి ఒక కవరు. కవరు మీద ప్రయాణ ఖర్చులు అని రాసి ఉంది. బండి వాళ్ళదే, తిండి వాళ్ళదే, ఇక నాకు ఖర్చెక్కడిది అన్న ఆలోచన వచ్చింది గాని రానట్టే ఉన్నాను. సభలో ఒక పేరు చదివి చేతులెత్తమన్నారు. ఎత్తాను. పోటీలో ఉన్న రెండో మనిషి పేరు కూడా నాకు తెలియదు.

ఆ ఎత్తిన చేతికి వెల మన సంఘం మూడేళ్ళు కట్టింది. మన పెద్దల్లో ఒకరి బావమరిది అవతలి వర్గంలో ఉన్నాడు. నేను ఇల్లు చేరకముందే ఆయనకు ఫోన్లు వచ్చాయి. నెల తిరగకముందే ఒకే గుడిలో రెండు ఆరాధనలు మొదలయ్యాయి, ఎనిమిదింటికి ఒకరిది, పదిన్నరకు ఇంకొకరిది. హార్మోనియం ఎవరిదని పోలీస్ స్టేషన్ దాకా పోయాం. ప్రభువు బల్లకు రొట్టె చేసి తెచ్చే ముసలమ్మ ఒకామె ఉండేది. ఇప్పుడు ప్రభువునందు నిద్రించింది. ఒక శనివారం సాయంత్రం మా ఇంటికి వచ్చి గడప అవతలే నిలబడి అడిగింది: "అయ్యగారూ, రేపటికి రొట్టె ఒక్కటి చెయ్యాల్నా, రెండు చెయ్యాల్నా?" నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె రెండు చేసి తెచ్చింది.

అప్పటి నుంచి 2 సమూయేలు 15వ అధ్యాయం చదివినప్పుడల్లా నా కన్ను పదకొండవ వచనం మీదే ఆగుతుంది. అబ్షాలోము గురించి ప్రసంగాలు మీరు చాలా విన్నారు. రథం, గుర్రాలు, ముందు పరుగెత్తడానికి యాభై మంది. పొద్దున్నే లేచి గవిని దగ్గర నిలబడతాడు. వ్యాజ్యెం తెచ్చినవానిని ఏ ఊరని అడుగుతాడు, నీ మాట న్యాయమే గాని వినేవాడు లేడంటాడు, దండం పెట్టబోతే చెయ్యి పట్టి ముద్దు పెట్టుకుంటాడు. మన నాయకుల్లో ఈ పోలిక ఎవరికి అతుకుతుందో మీరే చెప్పగలరు. అయితే హెబ్రోనుకు బయలుదేరినప్పుడు యెరూషలేము నుంచి ఇంకో రెండు వందల మంది అతని వెంట వెళ్ళారు. వాళ్ళు కుట్రదారులు కారు. పిలిస్తే వెళ్ళారు. సంగతేమిటో వాళ్ళకు తెలియదని, కల్లాకపటం లేకుండా వెళ్ళారని వాక్యమే చెబుతోంది. కాని ఊరు చూసేది తలలనే. పట్నంలోని రెండు వందల మంది అతని పక్కన ఉన్నారంటే చూసేవాడు ఏమనుకుంటాడు? ఆ మరుసటి వచనంలోనే కుట్ర బలపడిందని, జనం పెరుగుతూ పోయారని ఉంది. తెలియక వెళ్ళినవాళ్ళు లేకపోతే తెలిసి చేసేవాడికి బలం రాదు. నాకు తెలియదు అన్న నా మాట అందుకే నాకే నచ్చడం మానేసింది.

ఇంతకీ ఈ అధ్యక్షులిద్దరి మధ్య తగాదా దేని గురించి? బాప్తిస్మం గురించా? లేఖనాల అధికారం గురించా? ఉత్తరాలు రెండూ మూడుసార్లు చదివాను. సిద్ధాంతం మాట ఒక్కటి లేదు. ఉన్నదల్లా సంతకం గురించే. బ్యాంకులో ఎవరి సంతకం చెల్లాలి, మిషన్ కాంపౌండ్ ముందరి దుకాణాల లీజు కాగితం మీద ఎవరి సంతకం ఉండాలి, స్కూలు కరస్పాండెంట్‌గా ఎవరి సంతకం ఉండాలి.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషను పొలంలో పుట్టిన సంఘాలు 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశంగా ఏర్పడ్డాయి. కోస్తాలో కెనడా మిషనరీల పనిలో పుట్టినవాటికి ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్ ఉంది. ఈ రెండింటి పేరా పదవుల మీద, ఆస్తుల మీద ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. దారి ఎప్పుడూ ఒకటే. చట్టం దృష్టిలో కన్వెన్షన్ అంటే ఒక సొసైటీ. ఏటా పాలకవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. రెండు వర్గాలు రెండు జాబితాలు ఇస్తాయి. ఎవరిది అసలుదో తేల్చే పని రిజిస్ట్రారుది కాదు. 2001 నాటి సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకో మధ్యవర్తి దగ్గరికో పొమ్మంటారు. అక్కడ మా వైపు ఇన్ని సంఘాలున్నాయని చూపించడానికి మన పేర్లు కావాలి. మన ముగ్గురు ప్రతినిధులు ఆ జాబితాలో మూడు వరుసలు. వాహనం అందుకే వస్తుంది.

పాస్టర్లు ఎందుకు ఎక్కుతారు అని మీరు అడగవచ్చు. బిర్యానీ కోసం అనుకుంటే మమ్మల్ని మరీ తక్కువ చేసినట్టు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మా బోటి వాళ్ళు పెళ్ళి చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ దరఖాస్తుకు నాయకుల సిఫారసు ఉత్తరం జతచేయాలి. అభిషేకపు సర్టిఫికెట్ వాళ్ళే ఇవ్వాలి. కొడుకును మిషన్ స్కూల్లో చేర్చాలన్నా, భార్యను మిషన్ ఆసుపత్రిలో చూపించాలన్నా ఒక మాట కావాలి. పల్లె పాస్టరు మెడకు పలుపు అక్కడుంది. వర్గం మారిన పాస్టరు లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం నేను కళ్ళారా చూశాను. భయపడేవాడిని నేను ఎగతాళి చేయను, నేనూ భయపడ్డవాడినే. కాని ఆ భయాన్ని విధేయత అని పిలిచి ప్రసంగపీఠం మీద నుంచి మీకు బోధించడం మాత్రం అబద్ధం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, మనం గుసగుసగా తప్ప చెప్పుకోనిది. ఈ వర్గాలను చాలాచోట్ల మాల వర్గం, మాదిగ వర్గం అనే లెక్కేస్తారు. నాయకుడు ఆస్తి కోసం పోట్లాడతాడు, పిలిచేటప్పుడు మాత్రం మనవాడు అని పిలుస్తాడు. నీళ్ళలో మునిగి పైకి వచ్చినప్పుడు వదిలామనుకున్నదాన్ని ఆ ఒక్క పిలుపు మళ్ళీ మన మీద కప్పుతోంది.

మన వేరు ఎక్కడుందో పిల్లలకు తెలియదు గనుక చెబుతున్నాను. పాలమూరులో ఎల్బర్ట్ చూట్ దొర 1885లో అమెరికన్ బాప్టిస్టు మిషను పెట్టాడు. నాగర్‌కర్నూల్ వైపు మెనోనైట్ బ్రదరెన్ మిషనరీలు వచ్చారు. 1930ల చివర పాలమూరు, గద్వాల పొలాలు కూడా వారి చేతికి వచ్చాయి. బోర్డు మారినా బాప్తిస్మం మారలేదు. ముందూ వెనుకా నమ్మినవారినే ముంచారు. అంతకు ముందు ఒంగోలు వైపు 1876-78 కరువు కాలంలో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. జనం వేలాదిగా బాప్తిస్మం అడిగారు. గంజి కోసం వస్తున్నారేమోనని ఆయన కరువు తగ్గేదాకా ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరేసి చొప్పున నీళ్ళలో దిగి, అలసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు.

ఆ 2,222 మందిలో ఎవరైనా ఒడ్డుకు వచ్చి, నేను ఫలానా బోధకుడి మనిషినని చెప్పుకుని ఉంటే? కొరింథులో అదే జరిగింది. పౌలువాడినని ఒకరు, అపొల్లోవాడినని ఒకరు, కేఫావాడినని ఇంకొకరు. క్లోయె ఇంటివారు ఆ కబురు తెస్తే పౌలు ఎంత సిగ్గుపడ్డాడంటే, మీలో ఎక్కువమందికి నేను బాప్తిస్మం ఇవ్వనందుకు దేవునికి స్తోత్రమన్నాడు. గంజి కోసం వచ్చేవారికి బాప్తిస్మం ఆపిన మిషను మనది. ఇవాళ కవరు చేతిలో పెట్టి మన చెయ్యి ఎత్తిస్తున్నది కూడా మనవాళ్ళే.

అమెరికాలోనూ ఇంతే అంటారా, అవును. అక్కడి బాప్టిస్టులు 1845లో ఉత్తరం, దక్షిణం అని చీలారు. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్నది అక్కడి తగువు. పంపవచ్చన్న దక్షిణాదివారు వేరు కన్వెన్షన్ పెట్టుకున్నారు. అది తప్పని ఆ కన్వెన్షన్ తీర్మానం చేసింది 1995లో, నూట యాభై ఏళ్ళ తరువాత. అదే కన్వెన్షన్‌లో 1979 నుంచి పదేళ్ళకు పైగా రెండు వర్గాల పోరు నడిచింది. అక్కడ సిద్ధాంతం మాట నిజంగానే ఉంది. కాని పోరు గెలిచిన పద్ధతి మనకు తెలిసినదే: అధ్యక్షుణ్ణి గెలిపిస్తే ఆయన ఒక కమిటీని వేస్తాడు, ఆ కమిటీ ఇంకో కమిటీని, అది ట్రస్టీలను. కొన్నేళ్ళు వరుసగా గెలిస్తే సెమినరీలన్నీ చేతికి వస్తాయి. 1985లో డల్లాస్ సభకు 45 వేలకు పైగా వచ్చారు. బస్సులు అక్కడా నిండాయి. ఒక్క మాట మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గది ఉంది. సంఘం పంపినవారిని వాళ్ళు ప్రతినిధులు అనరు, వార్తాహరులు అంటారు. సంఘం మీద ఏ సభకూ అధికారం లేదని గుర్తుండటానికి. మన బాప్టిస్టు పెద్దలు నమ్మిందీ అదే: బిషప్ లేడు, సంఘం పైన క్రీస్తు తప్ప ఎవరూ లేరు. అలాంటి నమ్మకం ఉన్న మనమే, బిషప్‌కు కూడా చేయనంత ఊడిగం అధ్యక్షుడికి చేస్తున్నాం.

నాయకులను విమర్శించకూడదు, అభిషిక్తులను ముట్టకూడదు అని కొందరు ఇప్పటికే మెసేజీలు పెట్టారు. ఆ మాట 105వ కీర్తనలో ఉంది. తీసి చదవండి. అక్కడ అభిషిక్తులంటే కొద్దిమందిగా, పరదేశులుగా, ఊరూరా తిరిగిన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. దేవుడు ఆ మాట చెప్పింది రాజులకు, బలహీనులను ముట్టవద్దని. అధ్యక్షుణ్ణి లెక్క అడగవద్దని పల్లె సంఘానికి చెప్పిన మాట కాదు. అభిషేకం పొందిన దావీదు ఎదుట నిలబడి ఆ మనిషివి నువ్వేనన్నాడు నాతాను.

ఇంకొక మాట కొంచెం బరువైనది, దాన్ని కొట్టిపారేయను. మంచివాళ్ళు తప్పుకుంటే చెడ్డవాళ్ళు ఆస్తి అమ్ముకుంటారు, కనుక తక్కువ చెడ్డవాడి పక్కనైనా నిలబడాలి అంటాడు మా స్నేహితుడైన ఒక పాస్టరు. ఆస్తి కాపాడాలి, నిజమే. ఆ స్థలాల్లో మన తాతల చెమట ఉంది. అయితే ఆయన్ని నేను ఒకటే అడిగాను: నువ్వు నిలబడ్డ పక్క ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆడిట్ లెక్క పల్లె సంఘాలకు పంపిందా? లేదన్నాడు. మరి ఏ ఆస్తిని కాపాడినట్టు? లెక్క చూపనివాడికి నా చెయ్యి అరువిస్తే, అతను తక్కువ చెడ్డవాడు అని నేనెలా చెప్పగలను?

కాబట్టి నా నిర్ణయం ఇది. తప్పయితే సంఘ కూడికలో నన్ను సరిదిద్దండి. ఏ మహాసభకూ వాళ్ళ బండిలో నేను వెళ్ళను. మీరు ఎవరినైనా పంపితే ఆర్టీసీ బస్సులో, సంఘం ఇచ్చిన చార్జీతో, సంఘం రాసిచ్చిన ప్రశ్నలతో వెళ్ళాలి. ఉత్తరాలు రాసిన ఇద్దరికీ ఒకే జవాబు రాసిపెట్టాను: గత మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, లీజుల జాబితా, ఏ కోర్టులో ఏ కేసు ఉందో ఆ వివరం. అవి వచ్చేదాకా మన సంఘం పేరు ఎవరి జాబితాలోనూ వాడవద్దని, వాడితే అదే కోర్టుకు మేమే రాస్తామని. నా లైసెన్సు పునరుద్ధరణకు ఇబ్బంది రావచ్చు. వస్తే ఈ ఏడాది పెళ్ళిళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయించుకుని గుడికి రండి, ప్రార్థన నేను చేస్తాను. ఈ మాఘమాసంలో పెళ్ళి పెట్టుకున్న రెండు ఇళ్ళవారు ముందుగా నాతో మాట్లాడండి.

ఆదివారం ఆరాధన తరువాత కూడిక ఉంది. రెండు ఉత్తరాలూ, నా జవాబూ చదివి వినిపిస్తాను. మినిట్స్ పుస్తకం, పాత హార్మోనియం కాగితాలు కూడా తెమ్మని కార్యదర్శి గారికి చెప్పాను. ఆ రోజు ప్రభువు బల్ల ఉంది. రొట్టె ఈసారి ఎవరింటి నుంచో మహిళా సమాజంవారు శనివారంలోగా చెప్పగలరు. ఒక్కటి చాలు.