కొత్త సెట్టు కొంటే చాలదు, సరిగ్గా కూర్చోబెట్టాలి



ఈసారి పోడు పట్టాల గురించో, జీవో 3 గురించో, స్కాలర్‌షిప్పుల గురించో కాదు మేం రాసేది. సైకిల్ హ్యాండిల్ కింద ఉండే హెడ్ సెట్ గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి. మన ఏజెన్సీలో ఎన్ని సైకిళ్ళు ఇంటి అరుగు మీద తుప్పు పట్టి పడున్నాయో మీకూ తెలుసు. వాటిలో చాలావాటికి టైరు బాగుంటుంది, చైను బాగుంటుంది, హ్యాండిల్ మాత్రం లొడలొడ ఆడుతుంది. సెట్టు కొత్తది వేయించినా రెండు నెలలకు మళ్ళీ అదే కథ. "సామాను నాసిరకం" అని మనం తిట్టుకుంటాం. మేం చెప్పేది ఏంటంటే, చాలాసార్లు తప్పు సామానుది కాదు, బిగింపుది. ఆ బిగింపు మనమే నేర్చుకోవాలి.

ముందు ఆ సెట్టు ఏంటో చూద్దాం. ఫ్రేము ముందు భాగంలో నిలువుగా ఓ పొట్టి గొట్టం ఉంటుంది. ఫోర్కు కాడ దాంట్లోంచే పైకి వస్తుంది. గొట్టానికి పైనొక కప్పు, కిందొక కప్పు గట్టిగా దిగి ఉంటాయి. ఫోర్కు మెడ మీద ఒక రింగు కూర్చుంటుంది. కప్పుల్లో చిన్న చిన్న గోళీలు, గ్రీజు. పైనుంచి మరతో తిప్పే కోను, దాని మీద వాషరు, ఆపైన లాక్ నట్టు. ఇంతే. ఒక ప్లేటు బిర్యానీ ఖరీదు కూడా చేయదు. కానీ మనిషి బరువుతో సైకిల్ కొండ దిగేటప్పుడు గుంతలో పడ్డ ప్రతి దెబ్బా ఈ గోళీల మీద నుంచే పోతుంది.

ఇంకో సంగతి. సైకిల్ పడకుండా ఎలా నిలబడుతుంది? అది ఎటు ఒరిగితే ముందు చక్రం అటు కొద్దిగా తిరుగుతుంది, అలా తిరిగి సర్దుకుంటుంది. హెడ్డు మరీ బిగుతైతే ఆ తిరుగుడు ఆగిపోతుంది, సైకిల్ తాగినోడిలా అటూ ఇటూ పోతుంది. మరీ వదులైతే బ్రేకు పట్టగానే ఫోర్కు ఊగుతుంది. మైదానంలో అది చిరాకు. పాడేరు ఘాట్ లాంటి రోడ్డు మీద, ఒక పక్క లోయ ఉన్నచోట, అది ప్రాణం మీదకి వస్తుంది.

మా హాస్టల్‌లో నలుగురం కలిసి వాడుకునే సైకిల్ ఒకటుంది. కింద మైదానంలో ఒక షాపులో దానికి కొత్త సెట్టు వేయించాం. ఆయన పాత కప్పులు కొట్టి తీసి, కొత్తవి పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలేశాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది. నెల తిరక్కుండా హ్యాండిల్ ఒక వైపు తిప్పితే బిగుతు, ఇంకో వైపు తిప్పితే వదులు. ఘాట్ దిగుతూ మలుపులో మా వాడొకడు పిట్టగోడకు గుద్దుకున్నాడు. మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. తర్వాత సంతలో సైకిళ్ళు బాగుచేసే ఒక పెద్దాయన విప్పి చూపించాడు. కింది కప్పు వంకరగా దిగింది. ఒక పక్క పూర్తిగా కూర్చుంది, రెండో పక్క గోరు దూరేంత సందు. కప్పు వంకరైతే గోళీలు ఒక వైపు నలుగుతాయి, ఒక వైపు ఖాళీగా తిరుగుతాయి. నట్టు ఎంత సర్దినా లాభం లేదు.

ఆయన చేసిన పద్ధతి మీ అందరికీ చెప్తున్నాం.

ఒకటి. కొత్త సెట్టు కొనేముందు పాతది పట్టుకెళ్ళాలి. మన మామూలు నల్ల సైకిళ్ళకు ఫోర్కు కాడ 1 అంగుళం ఉంటుంది. కొత్త రకం లావు గొట్టం సైకిళ్ళలో చాలావాటికి 1 1/8 అంగుళం. కొలత ఒకటే అనిపించినా కప్పు బయటి వ్యాసం 30.0 మి.మీ., 30.2 మి.మీ. అని రెండు రకాలున్నాయి. కంటికి తేడా తెలీదు, కొడితే తెలుస్తుంది. ఒకటి వదులుగా జారిపోతుంది, ఇంకోటి దిగనే దిగదు.

రెండు. గొట్టం మూతి శుభ్రం చేయాలి. లోపల తుప్పు, అంచు మీద పెయింటు గడ్డలు ఉంటే ఆకురాయితో మెల్లగా గీకాలి. అంచు సమంగా లేకపోతే కప్పు సమంగా కూర్చోదు.

మూడు. కప్పును కొట్టకూడదు, నొక్కాలి. ఆయన దగ్గర పెద్ద మిషనేమీ లేదు. మర ఉన్న పొడవాటి ఇనుప రాడ్డు ఒకటి, రెండు నట్లు, మందంగా ఉన్న పెద్ద వాషర్లు. రాడ్డును గొట్టంలోంచి దూర్చి, కప్పు మీద వాషరు పెట్టి, అవతల ఇంకో వాషరు పెట్టి, పానాతో నట్టు మెల్లగా బిగిస్తే కప్పు తిన్నగా లోపలికి దిగుతుంది. ఒకసారికి ఒక కప్పే. వంకర పోతుందనిపిస్తే ఆపి, తీసి, మళ్ళీ మొదలెట్టాలి. చివర్లో కప్పుకీ గొట్టానికీ మధ్య కాగితం ముక్క దూరకూడదు.

నాలుగు. ఫోర్కు మెడ మీద రింగును దానికి సరిపోయే గొట్టం ముక్క పెట్టి పూర్తిగా కిందకి దించాలి. గ్రీజు దండిగా పెట్టాలి, మన వానలకు కరువు లేదు కదా. గోళీలు కేజీలో వస్తే ఏ వైపు పైకి ఉండాలో చూసుకోవాలి. తిరగేసి పెడితే కరకరమంటుంది.

ఐదు. కోనును చేత్తో తిప్పి గోళీలకు తగిలేదాకా తేవాలి. తర్వాత ఒక పానాతో కోను కదలకుండా పట్టుకుని, రెండో పానాతో లాక్ నట్టు బిగించాలి. చాలామంది ఒక్క పానాతో కానిచ్చేస్తారు. అప్పుడు నట్టుతో పాటు కోను కూడా తిరిగి బిగుసుకుపోతుంది.

ఇవన్నీ చేయలేకపోయినా షాపు నుంచి బయటికి వచ్చేముందు రెండు పరీక్షలు చేయండి. ముందు బ్రేకు గట్టిగా పట్టి, కప్పు అంచు మీద వేలు పెట్టి, సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపండి. వేలికి టక్కుమని తగిలితే వదులు. తర్వాత ముందు చక్రం పైకెత్తి, సైకిల్‌ను కొంచెం పక్కకు వంచండి. హ్యాండిల్ దానంతట అదే అటు తిరగాలి, తిరగకపోతే బిగుతు. ఈ రెండూ సరిపోయాకే డబ్బులివ్వండి. వారం తొక్కాక ఇంకోసారి చూడండి, కొత్త సెట్టు కొద్దిగా సర్దుకుంటుంది. "చదువుకున్నోళ్ళు ఎక్కువ చేస్తున్నారు" అని ఎవరైనా అంటే అననివ్వండి. మన డబ్బు, మన మెడ.

ఇక అసలు మాట. కొందరన్నలు అంటారు, "మీ ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మీరే మొదలు, పానా పట్టుకోవడానికా చదివింది?" అని. మాకు ఆ మాట నచ్చదు. మన తాతలు గొడ్డలి పిడి వాళ్ళే చెక్కుకున్నారు, నాగలి వాళ్ళే చేసుకున్నారు. ఎవరి దగ్గరికో వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడలేదు. మనం డిగ్రీకి వచ్చి, ఫిజిక్సులో రాపిడి గురించి పరీక్ష రాసి, సొంత సైకిల్ హ్యాండిల్ ఎందుకు ఆడుతుందో తెలీకుండా ఉండటం ఏం గొప్ప? "ఇప్పుడు అందరికీ బైకులున్నాయి కదా" అనేవాళ్ళకు ఇంకో మాట. బైకు హ్యాండిల్ కింద ఉండే కోన్ సెట్టు కూడా ఇదే పని చేస్తుంది. ఒకటి అర్థమైతే రెండోది సగం వచ్చేసినట్టే.

అన్నిటికన్నా ముందు మన చెల్లెళ్ళ గురించి ఆలోచించండి. గెడ్డ దాటి, ఐదారు కిలోమీటర్లు వెళ్ళి హైస్కూల్లో చదివే పిల్లకు సైకిలే బస్సు. అది మూలన పడితే "ఇంక ఇంట్లోనే ఉండు" అనే మాట వస్తుంది. ఒక చదువు ఆగడానికి ఒక్కోసారి పెద్ద కారణం అక్కర్లేదు. వంకరగా దిగిన కప్పు చాలు.

అందుకే మా ప్రతిపాదన. ప్రతి హాస్టల్‌లో పిల్లలం తలా కొంచెం వేసుకుని ఒక పెట్టె పెట్టుకుందాం. రెండు పెద్ద పానాలు, మర రాడ్డు, వాషర్లు, ఆకురాయి, గ్రీజు డబ్బా, అంతే. ఐటీఐలో ఫిట్టర్ చేసిన అన్నలు మన గ్రూపులో ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు ఒక పూట నేర్పండి. నేర్చుకునేవాళ్ళలో సగం మంది ఆడపిల్లలు ఉండాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాం. దసరా సెలవుల్లో ఒక్కో ఊళ్ళో మూలన పడ్డ సైకిళ్ళను బయటికి తీసి, విప్పి చూద్దాం. ఎన్ని లేస్తాయో అన్ని లేస్తాయి.

మీ ఊళ్ళో అలాంటివి ఎన్ని ఉన్నాయో కింద రాయండి. మర రాడ్డు ఎవరి దగ్గరైనా ఉంటే అదీ చెప్పండి. మిగతాది మాట్లాడుకుందాం.