మీరేమవుతారు?

హైదరాబాదా, బెంగుళూరా, చెన్నయ్యా? కువైట్‌లో తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే ఇదే మాట. గల్ఫ్‌లో ఎన్నేళ్ళు చాకిరీ చేసినా ఆ దేశం మనది కాదు. పని అయిపోతే ఇకామా అయిపోద్ది, ఇకామా అయిపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. తిరిగిపోవాలా వద్దా అన్న ప్రశ్నే మాకు లేదు. ఎక్కడికి అన్నదొక్కటే ప్రశ్న. బెంగుళూరు చల్లగా ఉంటదంటారు ఒకరు, నీళ్ళకు కటకట అంటారు ఇంకొకరు. చెన్నయ్‌లో ఆస్పత్రులు మంచివంటారు. హైదరాబాద్‌లో ఏ మూల గజం ఎంత పలుకుతుందో ఎడారిలో కూర్చుని వేళ్ళ మీద లెక్క చెప్తారు. ట్రాఫిక్కు, స్కూళ్ళు, ఎయిర్‌పోర్టుకు దూరం, అన్నీ వస్తయ్యి. ఒక్క మాట మాత్రం రాదు. ఏ నగరంలో నాకు ఇల్లు అద్దెకిస్తారు?

వాళ్ళకు ఆ మాట ఎందుకొస్తుంది? నగరాన్ని వాళ్ళు ఎంచుకుంటారు. మమ్మల్ని ఇంటి ఓనర్లు ఎంచుతారు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

నేను తెనాలి దగ్గర ఒక ఊరి మాదిగపల్లెలో పుట్టాను. మిషన్ ఆస్పత్రిలో నర్సింగు చదివి, 2001లో కువైట్ వచ్చాను. మా అమ్మ ఇంకా పల్లెలోనే ఉంది. అమ్మ దగ్గరకే పోవచ్చుగా అని సలహా చెప్పేవాళ్ళున్నారు. ఊరు ఎంత చల్లనిదో మాకు చెప్పొద్దు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపాక, మిగిలినవాళ్ళు చీరాల వచ్చి పడ్డారు. మళ్ళీ ఆ ఊరి మొహం చూడకుండా చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకుని నిలబడ్డారు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. హాస్టల్ నుంచి ఇంటికెళ్తే మా నాన్న గుమ్మంలో గడ్డపలుగు పెట్టుకుని కూర్చున్నాడు. "చదువైనాక ఇటు రాబాకమ్మా, ఏదన్నా పట్నంలో బతుకు" అన్నాడు. ఆయన దృష్టిలో పట్నమంటే పల్లె ఏదో ఊరు ఏదో తెలీని చోటు.

ఆ పట్నాన్ని వెతకడానికే 2024 వేసవి సెలవులో పాపను తీసుకుని మూడు నగరాలు తిరిగాను. పాపకు పద్దెనిమిదేళ్ళు. కువైట్‌లో పుట్టింది, అక్కడి ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి పూర్తి చేసింది. దానికి డిగ్రీ సీటు కావాలి, నాకు రేపు ఉద్యోగం అయిపోయాక తలదాచుకునే చోటు కావాలి.

చెన్నయ్‌లో పని తొందరగా తెమిలింది. చూసిన ప్రకటనల్లో సగానికి పైగా శాకాహారులకు మాత్రమే. ఎముకలు తినే నోళ్ళం, ఫోన్ చెయ్యడం దేనికని చెయ్యలేదు. బెంగుళూరులో ఓనరు తెలుగాయన. మా మాట వినగానే మురిసిపోయాడు. "తెలుగోళ్ళా! అయితే మనోళ్ళే!" అని కాఫీ ఇప్పించాడు. ఏ జిల్లా, ఏ ఊరు, ఇంటిపేరేంటి, నాన్నగారేం చేసేవారు. కప్పులో కాఫీ అయిపోయేలోపు మనోళ్ళం కాకుండా పోయాం.

హైదరాబాద్ సంగతి వేరే. అక్కడ మర్యాద ఎక్కువ. లాడ్జిలో నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఒకావిడ ఫోన్ చేసింది. పాప ఎత్తింది. అద్దె, నీళ్ళు, పార్కింగు అన్నీ అయ్యాక ఆవిడ అడిగిందంట: "ఇంతకీ మీరేమవుతారమ్మా?" మా పిచ్చితల్లి ఆలోచించి చెప్పింది: "నేనింకా డిసైడ్ అవ్వలేదు ఆంటీ, బయోటెక్నాలజీ చదువుదామనుకుంటున్నా."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మంచం మీద కూలబడ్డాను. ఆవిడ మళ్ళీ చేసింది. ఈసారి నేను ఎత్తాను. క్రిస్టియన్స్ అన్నాను. "అయ్యో, మాకలాంటి పట్టింపులు లేవండీ. క్రిస్టియన్స్‌లో ఏ క్రిస్టియన్స్? రెడ్డి క్రిస్టియన్సా?" కాదన్నాను. "నిన్ననే ఒకళ్ళు అడ్వాన్సు ఇచ్చివెళ్ళారు, మావారు నాకు చెప్పడం మర్చిపోయారు" అంది. అంతసేపూ పార్కింగు గురించి మాట్లాడినావిడ.

ఇక్కడొక చోద్యం చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నేను ఎస్సీని కాను. ఆ ఉత్తర్వులోకి 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. ఏసుప్రభువును నమ్ముకున్న మాదిగను మాత్రం చేర్చలేదు. ఎమ్మార్వో ఆఫీసులో నేను బీసీ-సీ. ఏసు దగ్గరకు పోతే నా అంటరానితనం పోయిందని ఢిల్లీ చెప్తది. ఆ సంగతి ఇంటి ఓనర్లకు ఎవరన్నా చెప్తే బాగుండు. ఇన్నేళ్ళలో నన్ను బీసీ-సీగా చూసిన ఓనరు ఒక్కడు తగల్లేదు.

చట్టం లేదా అంటారు. ఉంది. అంటరానితనం పేరుతో ఎవరినైనా ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడం నేరమని 1955లోనే చట్టం చేశారు. 1976లో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. "నిన్ననే ఇచ్చేశామండీ" అన్నదాని మీద ఏ సెక్షను కింద కేసు పెట్టను? మా అత్తగారు మడి కట్టుకుంటారు, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు, ఇల్లు అమ్మేస్తున్నాం. ఊళ్ళో గొడ్డలి పట్టుకున్నది నగరంలో సాకు పట్టుకుంది.

ఈ బాధ నాతో మొదలు కాలేదు. మన బాబాసాహెబ్ కొలంబియాలో చదివి, లండన్ చదువు మధ్యలో ఆపుకుని 1917లో బరోడా వచ్చాడు. సంస్థానం డబ్బుతో చదివినందుకు పదేళ్ళు కొలువు చేస్తానని ఒప్పందం. కొలువుంది, గది లేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి దిగాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని పార్సీలు వచ్చారు, సాయంత్రానికి ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు. హిందూ స్నేహితుడు, నిన్ను ఉంచుకుంటే నా నౌకర్లు వెళ్ళిపోతారన్నాడు. క్రైస్తవ స్నేహితుడు ఇంట్లో భార్యను అడగాలన్నాడు. వాళ్ళు బ్రాహ్మల్లోంచి మతం మారినవాళ్ళు. ఏ క్రిస్టియన్స్ అన్న ప్రశ్నకు అంత వయసుంది. కామాఠీబాగ్ తోటలో పొద్దుగూకేదాకా కూర్చుని రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయాడు. ఈ సంగతులు రాసుకున్నదానికి ఆయన పెట్టిన పేరు వెయిటింగ్ ఫర్ ఎ వీసా. కువైట్ వీసా కోసం నేను ఎదురుచూసింది మూడు నెలలు.

బొంబాయి మాత్రం ఆయనకేమిచ్చింది? పరేల్‌లో కూలీల చాల్‌లో రెండు గదులు. దాదర్‌లో రాజగృహ కట్టుకోవడానికి 1930లు రావాల్సొచ్చింది. అంతటి చదువుకూ నగరం తలుపు తియ్యలేదు, మనవాళ్ళు ముందే చోటు చేసుకున్న వాడ తలుపు తీసింది.

"నగరంలో కులమెక్కడుందక్కా, డబ్బుంటే చాలు" అంటాడు మా ఆస్పత్రిలో పనిచేసే ఒక అభ్యుదయ తమ్ముడు. డబ్బు పట్టుకునే వెళ్ళాను తమ్ముడూ. దినార్లు మార్చి ఆరు నెలల అద్దె ముందే ఇస్తానన్నాను. నా డబ్బుకు మైల లేదు, నా గిన్నెలకుంది.

కువైట్ స్వర్గమని చెప్పబోవడం లేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చి ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళ పాస్‌పోర్టులు యజమానుల బీరువాల్లో ఉంటయ్యి. వాతలు తేలిన చేతులకు మందు రాసిన నర్సును నేను. అయినా ఫర్వానియాలో ఇల్లు చూడబోతే బిల్డింగు హారీస్ అడిగింది ఒక్కటే: ఫ్యామిలీయా, బ్యాచిలర్సా? అద్దె చెప్పాడు, తాళం ఇచ్చాడు. అతను ఈజిప్టువాడు, మన కులం వాసన పట్టే ముక్కు అతనికి లేదు. ఆ ముక్కు ఉన్నవాళ్ళు మనలోనే ఉన్నారు. కార్తీకం వస్తే చెట్టు లేని చోట వనభోజనాలు పెడతారు, ఏ కులానిది ఆ కులానికి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ఆవకాయ జాడీలతో పాటు మనవాళ్ళు పెట్టెల్లో ఇంకేం మోసుకెళ్ళారో దాన్నిబట్టి తెలుసుకోండి.

నా తప్పు కూడా ఉంది. ఇన్నేళ్ళూ క్రిస్టియన్స్ అని చెప్పి అక్కడితో ఆగాను. పాపకు ఏమీ చెప్పలేదు. కారంచేడు చెప్పలేదు, గడ్డపలుగు చెప్పలేదు. తెలీకుండా పెంచితే తగలదనుకున్నాను. లాడ్జిలో ఆ రాత్రి అది అడిగింది: "అమ్మా, ఫోన్‌లో ఆంటీకి తెలుసు, నాకు తెలీదు. ఇదేం పద్ధతి?" తెల్లారేదాకా చెప్పాను. ఏడవలేదు. "మరి మొదటే చెప్పేస్తే పోలా? బస్సు ఛార్జీలన్నా మిగుల్తయ్యి" అంది.

పాపను హైదరాబాద్‌లో హాస్టల్లో చేర్చి తిరిగొచ్చాను. నా నగరం కూడా అదే. చల్లదనం చూసి కాదు, ఎయిర్‌పోర్టు చూసి కాదు, నా కూతురు అక్కడుందని. ఇప్పుడు ఆదివారాల్లో ఇళ్ళకు ఫోన్లు చేసేది అదే. మొదటి మాటే అంటది: "ఆంటీ, మేం మాదిగలం. మా అమ్మ నర్సు. రెండు బెడ్‌రూములు చాలు. అద్దె ఎంత?" ఒక నోటుబుక్కులో లెక్క రాస్తది.

మొన్న ఆదివారానికి పదిహేడు ఇళ్ళయినయ్యి. పద్నాలుగు మంది నిన్ననే ఇచ్చేశారు. ఇద్దరు ఆలోచించి చెప్తామన్నారు. సికింద్రాబాద్ వైపు ఒక రిటైర్డ్ రైల్వే ఆయన మాత్రం అద్దె చెప్పాడు, అడ్వాన్సు రెండు నెలలన్నాడు, నీళ్ళు రోజు విడిచి రోజు వస్తయ్యన్నాడు. ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నాకు మోకాళ్ళ నొప్పులు.